నా పేరు బలహీనమన్న ప్యానెల్

ఆ రోజుల్లో, అంటే మరీ పాతరోజులేం కావు, మా ఖరగ్‌పూర్‌లో రిక్షాలు పోయి బ్యాటరీతో నడిచే టోటోలు వచ్చి, ఇంటింటికీ వైఫై పాకుతున్న రోజుల్లో, లోకం భద్రత అంతా నా ఒక్కదాని భుజాల మీదే నిలబడి ఉందని గట్టిగా నమ్మేదాన్ని. మాది ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికొచ్చి, పూరీ గేట్ దగ్గర స్థిరపడిన కుటుంబం. ఇంట్లో అందరూ ఇనుముతో కుస్తీ పడితే, నేను మాత్రం గోడలకు టచ్ ప్యానెళ్ళు బిగించే ఒక బెంగాలీ దాదా దుకాణంలో చేరాను. పలకంత అద్దం అది. వేలితో తాకితే లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, వీధి గేటు తెరుచుకుంటుంది. దాన్ని ఇంటి వైఫైకి కలిపి, పాస్‌వర్డ్ పెట్టి, ఇంటివాళ్ళకు జాగ్రత్తలు చెప్పి రావడం నా ఉద్యోగం. (జీతం మాట ఎలా ఉన్నా, జాగ్రత్తలు చెప్పడమంటే నాకు మహా సరదా.)

ఒక శుక్రవారం దాదా నన్ను తాల్‌బగీచాలో ఒక తెలుగువాళ్ళింటికి పంపాడు. తలుపు తీసిన పెద్దావిడ, నా టోపీనీ నడుముకి వేలాడే పనిముట్ల సంచినీ చూసి, "మిస్త్రీ వొస్తాడనుకుంటే ఆడపిల్లొచ్చినాదేటి!" అని ముచ్చటపడి టీ ఇచ్చింది. పేరడిగితే, ఇంట్లో పిలిచే పేరే అలవాటుగా చెప్పాను, "చిట్టి అంటారండీ" అని. ప్యానెల్ బిగించాను, వైఫై దొరికింది. కొత్త పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారని అడిగాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "మావోడికి సంబంధం సూస్తన్నామమ్మా. ఆదివారం పూరీ గేట్ ఎల్తన్నాం, పిల్లని సూడ్డానికి. ఆ పిల్ల పేరే పెట్టీ, శుభం. నోట్లో నాలిక లేని పిల్లంట, వాళ్ళ నాన్న సెప్పినాడు" అంటూ ఆ పేరు చెప్పింది.

అది నా పేరు. (ఏం పేరో ఇక్కడ రాయను. పాస్‌వర్డ్ ఇంకా మార్చలేదు.)

చేతిలో స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. నాన్న వాళ్ళకు పంపిన ఫొటోలో నేను పట్టుచీర, పూలజడతో ఉన్నాను; ఈ టోపీలో పోల్చుకోకపోవడంలో వింతేముంది? నేనేనండీ అని చెప్పేయాల్సింది పోయి, వంగి స్క్రూడ్రైవర్ ఏరుకున్నాను. నాన్న నా గురించి చెప్పినది ఆ ఒక్క నిమిషం నిజమైంది. నోరు మూసుకుని నా పేరు నేనే టైపు చేశాను. ప్యానెల్ మీద ఎర్రటి గీత వచ్చి, 'బలహీనం' అంది.

"ఏటంతాది?"

"బలహీనంగా ఉందంటోందండీ."

"ఓలమ్మో! ఫొటోలో బాగానే ఉన్నాది కదమ్మా! సరిగ్గా తింతాదో లేదో, పాపం!"

నాకు పౌరుషం వచ్చింది. పెద్దక్షరం, అంకెలు, చివర ఒక చుక్కగుర్తు తగిలించి, గీత పచ్చబడేదాకా వదల్లేదు. ఆవిడ చెవిలో పాస్‌వర్డ్ చెప్పగానే సంబరంగా పెరటిగోడ దగ్గరికి పరుగెత్తి, "ఓ దీదీ!" అని పక్కింటావిడకు చెప్పబోయింది. వెనక్కి లాక్కొచ్చి పాఠం చెప్పాను. ఎక్కడా రాసుకోకూడదు, పదిమందిలో అస్సలు చెప్పకూడదు. ఆవిడ బుద్ధిగా తలూపింది.

ఆదివారం వాళ్ళు బాగా ఆలస్యంగా వచ్చారు. పొద్దున కరెంటు పోయి వచ్చాక ప్యానెల్ మళ్ళీ పాస్‌వర్డ్ అడిగిందట; ఎవరికీ పూర్తిగా గుర్తులేదట. గేటు తెరుచుకోక, పెళ్ళికొడుకు నాన్న జరీపంచె ఎగ్గట్టి ప్రహరీగోడ దూకారట. నేను టీ పళ్ళెం పట్టుకుని తల వంచుకుని వచ్చాను. పెద్దావిడ నన్ను తేరిపార చూసి, "ఓలమ్మో! ఇది మా వైఫై పిల్ల కాదేటి!" అని కేక పెట్టింది.

నాన్నకు పొలమారింది. ఇక లేచిపోతారనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "సంబంధం సంగతి తరవాత సూద్దాం. ముందు ఆ పాస్‌వర్డ్ సెప్పు తల్లీ. పేరు గుర్తున్నాది, ఎనకాల తోకే మర్సిపోనాను" అంది. పాట పాడమంటారేమోనని అమ్మ నా చేత రెండు రోజులుగా సాధన చేయిస్తోంది. ఎవరూ పాట ఊసెత్తలేదు.

"పదిమందిలో చెప్పకూడదండీ" అన్నాను, ఉద్యోగధర్మంగా. నాన్న కళ్ళు మూసుకున్నారు.

"మరేటి సేద్దాం?"

"మీ ఇంట్లో ఒక్కరికి, విడిగా చెబుతాను."

పెద్దలు గుసగుసలాడుకుని, చివరికి పెళ్ళికొడుకుని నాతో వెనక వరండాలోకి పంపారు. నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. అతను జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకోబోయాడు. "రాసుకోకూడదు" అన్నాను.

"ఠీక్ హై. అయితే నోటికి నేర్సుకుంతాను. మల్లీ సెప్పండి."

మళ్ళీ చెప్పాను. ఒకసారి పెద్దక్షరం తప్పాడు, ఒకసారి అంకెలు తారుమారు చేశాడు, చుక్కగుర్తయితే ప్రతిసారీ మర్చిపోయాడు. లోపల్నించి దగ్గులు వినిపిస్తున్నా, పాపం మందబుద్ధి అనుకుని ఓపిగ్గా చెప్పిందే చెప్పాను. చివరికి అమ్మ వచ్చి పిలిచేసరికి ఠకీమని తప్పు లేకుండా అప్పజెప్పాడు.

పెళ్ళయిన చాలా రోజులకు గానీ ఆ మతిమరుపు గుట్టు నాకు వెలగలేదు. ఆయన రైలింజను నడిపే మనిషి. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ దాకా ఏ మలుపులో ఏ సిగ్నలుందో ఎప్పుడడిగినా వరస తప్పకుండా చెబుతారు. ఇప్పుడా వరండాలో నుంచుని, అంత గంభీరంగా అక్షరం అక్షరం ఒత్తి పలుకుతున్న ఆనాటి చిట్టి తలపుకొస్తే నవ్వొస్తుంది. అసలు సంగతి దాని చెవిలో ఊదాలని మాత్రం అనిపించదు. ఇంకొక్కసారి చెప్పవే, అనాలనిపిస్తుంది.