నడిమి చోటు

తొంభైల్లో యూనివర్సిటీ లైబ్రరీలో నాకూ, నా పక్క సీట్లో పనిచేసే మిత్రుడికీ ఒకటే పిచ్చి, స్మారక వెండి నాణేలు. ఏటా క్యాంపస్‌లో పెట్టే ప్రదర్శనలో అద్దాల పెట్టె నడిమధ్యన నా పాత పది రూపాయల వెండి నాణెమే ఉండేది. ఆ చోటు నా సొంతం అనుకున్నాను. అంతలో వాడికి టంకశాల నుంచి వంద రూపాయల వెండి నాణెం పోస్టులో వచ్చింది. చుట్టూ అద్దంలా నునుపు, మధ్యలో బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా. వేలు తగిలితే పాడవుతుందని డబ్బాలో బిగించి పంపుతారు.

"ఎట్లున్నదన్నా?" అన్నాడు.

"బాగానే ఉంది," అన్నాను. కడుపు మండిపోయింది. నాణేల గురించి వాడికి ఓనమాలు నేర్పిందే నేను! ఆ వారమంతా వాడు టీకి పిలిస్తే తలనొప్పన్నాను.

దీపావళి మర్నాడు, ప్రదర్శన సంగతి మాట్లాడదామని తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. లక్ష్మీదేవి పటం ముందు ఆ నాణెం పసుపు కుంకుమలతో ధగధగలాడుతోంది. బొమ్మ మీది తెలుపు పోయింది. అంతా గీతలే.

వాళ్లమ్మ సంబరంగా చెప్పింది. "బొమ్మ మీద తెల్లగ బూజు వట్టి ఉండె బిడ్డా. చింతపండు వెట్టి, బూడిదేసి మంచిగ తోమిన. నా కొడుకు తెచ్చిన వెండి, లక్ష్మమ్మ ముంగట గట్లనే పెడ్తమా?"

"అయ్యో!" అన్నాను పైకి. లోపల మాత్రం నాకు ఇంకో పండగ. నాణేలు సేకరించేవాడెవడూ ఇక దాన్ని కన్నెత్తి చూడడు. పీడా పోయింది! వాడి మొహం ఎలా వాడిపోయిందో చూద్దామని ఆశగా తిరిగాను. వాడు వాళ్లమ్మను చూసి నవ్వుతున్నాడు.

"పోనీ తియ్యన్నా. మా అమ్మ గింత ముద్దుగ తోమింది. నడిమిట్ల నీదే పెట్టు. గిది గీడ్నే ఉంటది."

పెట్టాను. ప్రదర్శన రోజంతా దాని పక్కనే నిలబడ్డాను. క్యాంపస్ అడిక్‌మెట్‌లోని మా ఇంటి నుంచి నడిచొచ్చేంత దూరమే. ఇంట్లో అందరినీ రమ్మని మరీ మరీ చెప్పాను. "ఆ బిళ్లల కోసం పని మానుకుని రావాలా?" అంది నా భార్య. ఎవరూ రాలేదు.

సాయంత్రం నాణెం తీసి డబ్బాలో పెడుతూ చూశాను. ఒక్క గీత లేదు. ఎందుకుంటుంది, మా ఇంట్లో దాన్ని ఎవరైనా ముట్టుకుంటే కదా! వాడంటే అసలు కుళ్లు నాకు ఆ రోజే పుట్టింది.