జానెడు ఎత్తు ఎలుగుబంటి

మా నాయనకు కుడికన్ను లేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, కళ్యాణదుర్గం దగ్గర మా చేనులో, తెల్లవారుతుండగా ఒక ఎలుగుబంటి ఆయన ముఖం మీద పడింది. కంటితో పాటు కుడివైపు పై పళ్ళు నాలుగు పోయాయి. చెంప మీద కుట్లు మానాక పెదవి కొంచెం పైకి లాగేసినట్టు ఉండిపోయింది. అప్పటినుంచి ఊళ్ళో ఆయన ఎలుగొడ్డుతో కొట్లాడినోడు. ఎవరి ఇంటికి కొత్త అల్లుడొచ్చినా ఆయనను చూపించి ఆ కథ చెప్పేవారు. ఆ మాట వచ్చిన ప్రతిసారీ నాయన తువ్వాలు భుజాన వేసుకుని లేచిపోయేవాడు. గొప్పలు చెప్పుకోని మనిషని దానికీ మెచ్చుకునేవారు. బడిలో నేను ఆ కథను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నా కథలో నాయన ఎలుగుబంటి గొంతు పట్టుకునేవాడు.

నేనిప్పుడు అనంతపురంలో ఒక ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాను. ఆదివారాలు మాత్రం బుక్కరాయసముద్రంలో, ఒక దర్జీ అంగడి పైనున్న గదిలో, బల్ల మీద యుద్ధాలు చేస్తాను. నలుగురం ఆడతాం. మంచమంత బల్ల మీద ఇసుక, రాళ్ళు, ఎండిన కంపచెట్ల కొమ్మలు పరిచి ఒక ప్రాంతం తయారుచేస్తాం. సైనికులు వేలి కణుపంత ఉంటారు. టేపుతో దూరం కొలిచి నడిపిస్తాం, పాచికలు వేసి కొట్లాట తేలుస్తాం. మేము ఎక్కువగా ఆడే ఆటలో బల్లకు ఒక చివర బావి ఉంటుంది. ఒకరి సైన్యం ఎనిమిది వంతుల్లోపల ఆ బావిని చేరాలి, రెండోవారు అడ్డుకోవాలి.

అడ్డుకునేవారికి ఒక భూతం ఉంటుంది. మిగతా బొమ్మల పక్కన నిలబెడితే గోపురంలా కనిపించే పెద్ద బొమ్మ. కొత్తగా ఆడేవాళ్ళు దాన్ని చూసి, అంత పెద్దది ఉంటే గెలిచినట్టే అనుకుంటారు. ముందు వరుసలో నిలబెడతారు. బాణాలన్నీ దానికే తగిలి మూడో వంతుకే కూలుతుంది. అసలు సంగతేమంటే ఒక్కో భూతానికి ఒక్క పనే వచ్చు. ఒకటి గోడలు పగలగొడుతుంది, ఇంకొకటి నిప్పు చిమ్ముతుంది. ఆ ఒక్క పనికి తగిన చోటు, తగిన సమయం చూసి వదలాలి. నాది భయపెట్టే భూతం. దానికి జానెడు దూరంలోకి వచ్చిన ఏ గుంపైనా పాచిక వేసి తీరాలి. తక్కువ పడితే పారిపోవాలి. పారిపోయేవాళ్ళను అది వెనకనుంచి పట్టుకుంటుంది, వాళ్ళకు తిరగబడే వీలుండదు.

అంగళ్ళలో దొరికే రెక్కల పాములు, కొమ్ముల రాక్షసులు నాకు భయం పుట్టించలేదు. భయమంటే నాకు తెలిసిన రూపం ఒకటే. అందుకని నేనే చేసుకున్నాను. తీగతో ఎముకలు కట్టి, బొమ్మలు చేసే ముద్ద పెట్టి కండలు దిద్ది, బొచ్చును సూదితో ఒక్కొక్క గీతగా గీసి, వెనక కాళ్ళ మీద లేచిన ఎలుగుబంటిని మూడు నెలలు కూర్చుని చేశాను. కట్టుడు పళ్ళకు వాడే పదార్థంతోనే దాని కోరలు చేశాను. నాయనకు పెట్టుడు పళ్ళు చేసిందీ నేనే. బొమ్మ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వరుసగా నాలుగు ఆదివారాలు దానితో గెలిచాను.

ఐదో ఆదివారం పొద్దున్నే నాయన నా గది తలుపు కొట్టాడు. ఆయనకు మిగిలిన ఎడమ కంటికి శుక్లం ముదిరింది. మంగళవారం ఆపరేషన్. అమ్మతో కలిసి సోమవారం రావాల్సిన మనిషి, మొదటి బస్సుకే ఒక్కడే వచ్చేశాడు.

"మీయమ్మ గొర్రెల్ని ఎవరికన్నా అప్పజెప్పి వస్తాదంట. నాకు ఇంట్లో ఊపిరాడలేమ్మా, వచ్చేసినా" అన్నాడు.

ఆ రోజు ఆటను మానుకుని ఉండొచ్చు. కానీ మా నలుగురిలో ఒకరైన లెక్చరర్ అన్నతో ముందే మాట అయిపోయింది, ఆయన రెండు వారాలుగా ఓడిపోయిన కసిలో ఉన్నాడు. నాకూ ఆడాలని ఉంది. ఇది దాచుకోవడం ఎందుకు? నాయనకు టిఫిను పెట్టి, రెండు గంటల్లో వస్తానన్నాను.

"నేనూ వస్తా. ఈడ ఒక్కన్నే ఏం జేసేది?"

ఆటోలో పెట్టె నా ఒళ్ళో ఉంది. "దాంట్లో ఏముండాదిమ్మా?" అన్నాడు. "బొమ్మలు నాయనా" అన్నాను. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా పెట్టెను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. లోపలున్నది విరుగుతుందని కాదు. మూత తెరుచుకుంటుందేమోనని.

గదిలో నాయనను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అంత దూరం నుంచి ఆ కంటికి బల్ల తప్ప ఇంకేమీ కనిపించదని నా ధైర్యం. ఎవరి సైన్యంలో ఏముందో ముందే రాసి ఇచ్చేశాం కాబట్టి భూతాన్ని మార్చే వీలు లేదు. పెట్టె తెరిచి, చుట్టిన తువ్వాలు విప్పి, ఎలుగుబంటిని తీసి, ఎడమ పక్క బండరాయి వెనక పెట్టాను. నాయన కథ నా నోట ముందే విన్న లెక్చరర్ అన్న దాన్ని చూశాడు. తలెత్తి నాయన ముఖం చూశాడు. చేతిలోని పాచికలు బల్ల మీద పెట్టేశాడు.

"ఏమ్మా, ఈపొద్దు అది వద్దులే" అన్నాడు మెల్లగా.

"ఏది వద్దు?" అని నాయన లేచాడు.

నాయన గోడ పట్టుకుని, తరవాత బల్ల అంచు పట్టుకుని వచ్చి, వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా ముఖం పెట్టి చూశాడు. ఆయన ఊపిరికి ఇసుక కదలడం నాకు కనిపించింది. చూపుడువేలితో దాని కోరను తాకాడు.

"పండ్లు నువ్వే చేసినావా?"

"ఆ, నాయనా."

"కాళ్ళు కూడా సరిగ్గా ఉండాయి. అట్లే లేస్తాది." నిటారుగా నిలబడి లెక్చరర్ అన్న వైపు తిరిగాడు. "ఇదేం చేస్తాదప్పా, మీ ఆటలో?"

ఆయన తడబడుతూనే చెప్పాడు. జానెడు దూరం, పాచిక, పారిపోవడం, అన్నీ.

"ఉరికితే ఎనకాల పడ్తాదా?"

"పడ్తాది పెద్దాయనా."

"నిలబడితే?"

లెక్చరర్ అన్న రూల్సు కాగితాలు తిప్పాడు. "ఆ వంతుకు కదలకుండా, ఒకరికొకరు ఆనుకోని నిలబడితే పాచికకు రెండు కలుపుకోవచ్చు. వరసగా రెండు సార్లు నిలబడితే అదే ఎనక్కి పోతాది. కానీ ఎవరూ నిలబడరు. బావి కాడికి పోవాల గదా, వంతు వృథా అయితాది."

నాయన "ఆడండి" అన్నాడు. తిరిగి కిటికీ దగ్గరికి పోలేదు. బల్ల అంచు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

మొదటి రెండు వంతులు ఎలా ఆడానో గుర్తు లేదు. మూడో వంతులో లెక్చరర్ అన్న గుంపు ఒకటి, పన్నెండు మంది, బండరాయి పక్కగా వచ్చింది. ఎలుగుబంటిని బయటికి నడిపించాను. పాచిక పడింది. ఒకటి. పన్నెండు మందీ పారిపోయారు. నేను టేపు పరిచి, వెనకనుంచి పట్టుకున్నాను. లెక్చరర్ అన్న చచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే తీసి పక్కన పడుకోబెడుతున్నాడు. తొమ్మిదో వాడి దగ్గర నాయన అరిచాడు.

"నిలబెట్టప్పా! మిగిలినోళ్ళనన్నా నిలబెట్టు. ఉరికించొద్దు!"

కింద అంగడిలో కుట్టుమిషను ఆగింది. ఆటలో బయటివాళ్ళు సలహా ఇవ్వకూడదు. లెక్చరర్ అన్న నా వైపు చూశాడు. వద్దని చెప్పే హక్కు నాకుంది. చెప్పలేకపోయాను.

రెండో గుంపులో ఎనిమిది మంది. బావికి మూడు జానల దూరంలో ఉన్నారు, కదిలితే నా ఎలుగుబంటి పక్కనుంచే పోవాలి. లెక్చరర్ అన్న వాళ్ళను కదపలేదు. ఒకరికొకరు తగిలేలా దగ్గరకు జరిపాడు. నేను ఎలుగుబంటిని వాళ్ళ ముందుకు తెచ్చాను. ఐదు కావాలి. మూడు పడింది, రెండు కలిపితే ఐదు. నిలబడ్డారు.

దాన్ని వేరే వైపు తిప్పి ఉంటే గెలిచేదాన్నేమో. కానీ నాకు కోపం వచ్చింది. నా తండ్రి నా పక్క ఎందుకు లేడు? అంత ఎలుగుబంటితో కలబడిన మనిషి ఈ ఎనిమిది మంది కోసం ఎందుకు అంత వణుకుతున్నాడు? మళ్ళీ అక్కడికే తోశాను. లెక్చరర్ అన్న పాచికను చాలాసేపు గుప్పిట్లో ఊపాడు. నాయన వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. పాచిక బండరాయికి తగిలి తిరిగి ఆగింది. నాలుగు. నిలబడ్డారు.

రూలు ప్రకారం ఎలుగుబంటిని నా చేత్తోనే వెనక్కి తీసుకున్నాను. ఆ సందులో లెక్చరర్ అన్న మూడో గుంపు బావిని చేరింది. నేను ఓడిపోయాను.

"మీ చిన్నాయన అట్లే నిలబడినాడు" అన్నాడు నాయన. ఎనిమిది బొమ్మల వైపే చూస్తున్నాడు. చిన్నాయన అంటే ఆయన తమ్ముడు. చనిపోయి రెండేళ్ళయింది.

"ఆ పొద్దు ఇద్దరం మంచె దిగినాం. తెల్లారతాండాది. శెనక్కాయ చెట్లల్లో ఎలుగొడ్డు పిల్లను ఎనకేసుకోని ఉండాది. లేచి నిలబడింది. 'అన్నా, కదలొద్దు' అన్నాడు వాడు. వానికే దగ్గర అది. నేను ఉరికినా."

నాయన బల్ల అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

"వాన్ని ఇడిసిపెట్టి ఉరికినా. అది నిలబడినోన్ని ఏమనలే. ఉరికినోని ఎనకాల పడె. నన్ను కింద ఏసినాక వాడే డబ్బా కొట్టుకుంటా, అరుసుకుంటా దాని మీదికే వచ్చినాడు. అప్పుడిడిసింది. నేను కొట్లాడలేమ్మా. ఊరోళ్ళు అడిగితే వాడే ముందు చెప్పినాడు, 'మాయన్న కొట్లాడినాడు' అని. నేను కాదనలే."

లెక్చరర్ అన్న నీళ్ళు తెచ్చిచ్చాడు. నాయన సగం తాగి, సగం ముఖానికి చల్లుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. బడిలోనూ ఇంట్లోనూ నేను చెప్పిన కథలన్నీ గుర్తొచ్చి, చిన్నాయన వాటిని ఎన్నిసార్లు పక్కన కూర్చుని వింటూ నవ్వాడో గుర్తొచ్చి, ఎక్కడ చూడాలో తెలియలేదు.

"ఓడిపోయినావా?" అని నాయన అడిగాడు.

"ఆ."

"ఏమనుకోవద్దమ్మా. చూస్తా ఉండలేకపోయినా."

మంగళవారం కంటి ఆసుపత్రి వరండాలో, చుక్కల మందు వేసుకుని వరసలో కూర్చున్నప్పుడు, నాయన తాను ఉరికిన మాట అమ్మతో కూడా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నాతో చెప్పినదానికంటే పొట్టిగా చెప్పాడు. అమ్మ తన ఒళ్ళోని సంచి ముడి విప్పి మళ్ళీ కట్టింది.

"తెలుసు. మరిది ఆపొద్దే చెప్పినాడు" అంది.

నాయన మూసుకున్న కన్ను తెరిచి ఆమె వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు అనకపోతివే?"

"నువ్వు చెప్తావని చూస్తాంటి."

నర్సు వచ్చి నాయనను లోపలికి రమ్మంది. అమ్మ లేచి ఆయన మోచెయ్యి పట్టుకుంది. తలుపు దాకా ఇద్దరూ మెల్లగా నడిచారు.