ఐక్యతా దినాన పుట్టింటి కోక

కరోనా సద్దుమణిగాక వచ్చిన అక్టోబరు ముప్పై ఒకటిన నేను గజపతినగరం దరిదాపుల్లోని ఒక స్టేషన్‌లో ఎస్సైగా ఉన్నాను. ఆ రోజు జాతీయ ఐక్యతా దినం. మామూలుగా సిబ్బంది చేత ప్రతిజ్ఞ చేయించి, ఫొటోలు పైకి పంపితే పని అయిపోతుంది. ఆ ఏడు మా సీఐగారు ప్రతిజ్ఞను పికెట్ ఉన్న ఊళ్ళో పెట్టమన్నారు. పికెట్ అంటే గొడవల ఊళ్ళో రాత్రింబవళ్ళు కాపలా ఉండే పోలీసు జట్టు.

పంచాయతీ ఎన్నికల్లో ఆ ఊరి పైవీధికీ కిందవీధికీ మధ్య తలలు పగిలాయి. ఒక వీధివాళ్ళు రెండో వీధిలో మంచికీ చెడ్డకీ వెళ్ళకూడదని పెద్దలు కట్టుబాటు పెట్టారు. వెళ్ళినవాణ్ణి సొంత వీధే వెలేస్తుంది.

పొద్దున్న బడి ఆవరణలో అందరూ చేయి చాచి ప్రతిజ్ఞ చదివారు. పైవీధి అప్పలనాయుడూ, అతని చెల్లెలి భర్త అయిన కిందవీధి సింహాచలమూ చేతులు కలిపారు. ఫొటో బాగా వచ్చింది. ఇక పికెట్ ఎత్తేద్దామని సీఐగారు అక్కడే అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు.

మధ్యాహ్నం సింహాచలం భార్య మంగమ్మ చనిపోయింది. చాన్నాళ్ళుగా కిడ్నీ జబ్బుతో మంచంలోనే ఉంది. పెళ్ళయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కొత్త కోక తెచ్చి కప్పాలి. అంతవరకూ శవాన్ని ఎత్తరు. పాడె కట్టి కూర్చున్నారు. "మా బావ వొస్తాడండి. పొద్దున్న సెయ్యి కలిపినాడు కదా," అన్నాడు సింహాచలం.

పొద్దు వాలుతున్నా ఎవరూ రాకపోతే నేనే పైవీధికి వెళ్ళాను. అప్పలనాయుడు అరుగు మీద కొత్త కోక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను తోడు వస్తాను, ఎవరాపుతారో చూస్తానన్నాను.

"మీరు రేపు బదిలీ మీద ఎలిపోతారు బాబూ. నానిక్కడే బతకాల. నానెల్తే, నా కూతురి పెళ్ళికి మా ఈదోలు ఒక్కడూ రాడు," అన్నాడు. కోక నా చేతికిచ్చాడు. "మీరు ఇచ్చీండి."

నాకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది. తీసుకెళ్ళాను. సింహాచలం కోక వంక చూడలేదు, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఆడు రాకుండా కోకేటికండీ," అన్నాడు.

మంగమ్మ పాత చీరే కప్పి శవాన్ని ఎత్తారు. శ్మశానం దారి పైవీధి మొగలో, అప్పలనాయుడి ఇంటి ముందునుంచే. పాడె దాటుతుంటే అప్పలనాయుడు అరుగు మీద లేచి నిలబడ్డాడు. కిందికి దిగలేదు.

పికెట్ కొనసాగించాలని ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. పొద్దున్నే చేతులు కలిపారు కదయ్యా అన్నారు సీఐగారు. చావుకు వెళ్ళలేదండి అన్నాను. ఆయన రిపోర్టు పైకి పంపారు.

తర్వాత నా సర్వీసులో ఏ ఊళ్ళో రాజీ కుదిరిందని ఎవరు చెప్పినా, ఆ ఊళ్ళో ఒకరి చావుకు ఒకరు వెళ్తున్నారా అని ముందు అడిగేవాణ్ణి. చాలా ఊళ్ళలో పికెట్ అలాగే ఉంచాల్సి వచ్చింది.