రెండు గొడుగులు, ఒక తువ్వాలు

ఈ రోజు నాయనతో కలిసి ముదిగుబ్బ గొర్రెల సంతకు వెళ్లాను. సంత మొదట్లోనే రెండు సెల్‌ఫోన్ కంపెనీల గొడుగులు పక్కపక్కనే వెలిశాయి. ఒకతను సెకనుకు పైసా అని అరిస్తే, రెండో అతను అర పైసాకే అని అంతకంటే గట్టిగా అరిచాడు. కొట్టుకునేదాకా వచ్చారు. నేను సంబరంగా అర పైసా సిమ్ కొనేశాను.

నాయనకు నచ్చలేదు. నలభై ఏళ్లుగా గొర్రెలు అమ్ముతున్న మనిషి. సంతలో అసలు ధరను తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు, పైకి ఎవరూ అనరు.

"బేరం గట్టిగా అరిచేటోళ్లు ఇద్దరూ ఒకటే రా. ఆ అరుపు మనకు వినపడేకి," అన్నాడు.

"అది గొర్రెల్లో నాయనా. ఈళ్లు వేరే వేరే కంపెనీలోళ్లు. పోటీ ఉండాది," అన్నాను.

గొర్రెలు అమ్మి టీ కొట్టుకు వెళ్తే, ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, వన్ బై టూ టీ తాగుతూ నవ్వుకుంటున్నారు. నాయన నేరుగా వెళ్లి, భుజం మీది తువ్వాలు తీసి వాళ్ల చేతుల మీద కప్పాడు.

"కప్పుకోండప్పా. సంతకంతా కనపడతాండాది."

సిమ్ ఇంకా నా జేబులోనే ఉంది. మీలో ఎవరైనా అర పైసాది వేసుకునుంటే, బ్యాలెన్స్ ఎలా తగ్గుతోందో చెప్పండి. ఫోన్ చేసి కాదు, ఇక్కడే రాయండి.