సముద్రం పాలైన ఇంటి ఓటు

కువైట్‌లోని సబా అల్ సలేంలో దావూద్ గారింట్లో సారమ్మ పని ఏమిటంటే, ఆయన తల్లి సిల్వియాను చూసుకోవడం. చెప్పడానికి అంతే. చేయడానికి మాత్రం మోకాళ్ళకు నూనె రాయడం దగ్గర్నుంచి ఇంగ్లండు రాజకీయాలు వినడం దాకా చాలా ఉంటుంది. రెండిట్లో నూనె రాయడమే తేలిక.

సిల్వియా ఇంగ్లండు మనిషి. అక్కడికి చదువుకోవడానికి వచ్చిన కువైటీ డాక్టరును పెళ్ళాడి 1972లో ఇక్కడికి వచ్చేసింది. ఆయన పోయి పదేళ్ళు దాటింది. కొడుకూ కోడలూ మనవలూ అరబ్బీలో గలగలలాడుతుంటే, ఆవిడ గోడు వినడానికి మిగిలింది సారమ్మ ఒక్కతే. ఉప్పాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా కువైట్‌లో చాకిరీ చేస్తున్న సారమ్మకు అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు కొంచెం వచ్చు, ఓపిక పట్టడం అన్నిటికన్నా బాగా వచ్చు. ఇద్దరూ రెండు భాషలూ కలిపి కొట్టి మాట్లాడుకునేవారు. మనం తెలుగులోనే విందాం.

“మావాళ్ళు పాతికేళ్ళుగా ఇల్లు బాగుచేస్తున్నామంటూ గోడలు కొడుతూనే ఉన్నారు” అనేది సిల్వియా. స్కాట్లండుకు సొంత శాసనసభ ఇచ్చారు, అది నిలబడింది. పెద్దల సభలో ఓ మూల కూర్చున్న అత్యున్నత న్యాయస్థానాన్ని బయటికి తెచ్చి వేరే ఇల్లు చూపించారు, అదీ మంచిదే. పుట్టుకతో సీటు దక్కిన ప్రభువులందరినీ ఆ సభలోంచి పంపేస్తామని బయల్దేరి, తొంభై రెండు మందిని మాత్రం అట్టే పెట్టుకున్నారు. ఎన్నికలు ఐదేళ్ళకోసారేనని తేదీ ఖాయం చేస్తూ చట్టం చేసి, పదకొండేళ్ళకు దాన్ని వాళ్ళే రద్దు చేసుకున్నారు.

“ఆ తొంభై రెండు మందీ మా ఊరి పెద్దల్లాంటోళ్ళేనండి మేడమ్. కుర్చీకి అతుక్కుపోతారు” అని సారమ్మ రెండో మోకాలికి నూనె అందుకునేది.

అయితే అందులో ఒక మార్పు సిల్వియాకే తగిలింది. దేశం విడిచి పదిహేనేళ్ళు దాటితే ఓటు లేదన్న నిబంధనను 2024 జనవరిలో ఎత్తేశారు. ఆ వార్త చదివి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోయేలోగా ఒక్కసారి ఓటు వెయ్యాలంది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్లు చెప్పేశారు.

దరఖాస్తులో అక్కడి చివరి చిరునామా రాయాలి. “యుమ్మా, ఆ ఇల్లు ఇంకెక్కడుంది?” అని దావూద్ తల్లిని చూసి నవ్వాడు. ఇంగ్లండు తూర్పు తీరంలో గట్టు అంచున ఉన్న ఆ వీధి వీధంతా ఇరవై ఏళ్ళ కిందటే విరిగి సముద్రంలో పడింది. చట్టానికి ఆ గొడవ పట్టలేదు. అక్కడి ఆఫీసువాళ్ళు పాత జాబితాల కట్టలు తిరగేసి, తొమ్మిదో నంబరు ఇంట్లో సిల్వియా ఓటరని నెలలోపే ఉత్తరం పంపారు.

ఆ ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచి సిల్వియా మంచం పక్కన నేల తడిగా ఉండసాగింది.

డ్రైవరు మాబు ఏసీ మెకానిక్కును పట్టుకొచ్చాడు. ఎక్కడా నీరు కారడం లేదని అతను తేల్చాడు. సారమ్మ రోజూ తుడిచేది, రోజూ తడి. ఒకనాడు వేలు ముంచి నాలుకకు తాకించి చూసింది. ఉప్పు. ఎవరికీ చెప్పలేదు. ఉప్పాడలో ఆవిడ పుట్టిల్లు కూడా ఇలాగే, ఒక ఏడు వంటగది, ఒక ఏడు అరుగు చొప్పున కెరటాలకు పోయింది.

మే నెలలో మన ఎన్నికలప్పుడు తమ్ముడు టిమోతి ఫోన్ చేశాడు. “అక్కా, లిస్టులో నీ పేరు తీసేశారే. ఆ డోరు నంబరే లేదంటన్నారు. అమ్మ పేరు మాత్రం అలాగే ఉంది.”

“పోయినోళ్ళ పేరుంచి బతికున్నోళ్ళది తీసేత్తారేంట్రా?” అని సారమ్మ కేకలేసింది. ఆ రోజు సిల్వియా మీద ఆవిడకు కడుపుమంటగా ఉండింది. ఆ మంట సాయంత్రానికే చల్లారి, ఈ ముసలావిడ ఓటైనా పడాలన్న పట్టుదల మిగిలింది.

తేదీ ఖాయం చేసే చట్టం పోయింది కదా, అక్కడి ప్రధాని ఉన్నట్టుండి ఆరు వారాల్లో, జూలై నాలుగున ఎన్నికలన్నాడు. బ్యాలెట్ కాగితం పోస్టులో రావాలి, నింపి పంపితే ఆ రోజుకల్లా అక్కడికి చేరాలి. సారమ్మ రోజూ మాబును పోస్టాఫీసుకు తరిమేది. “లేదక్కా, పెట్టె ఖాళీగానే ఉండాది” అని అతను రోజూ ఒకటే మాట చెప్పేవాడు.

జూలై నాలుగు కూడా వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి, బయట ఎండ యాభై డిగ్రీలుండగా, సారమ్మ టీ పట్టుకుని గదిలోకి వెళ్తే సిల్వియా ఉన్ని కోటు, బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. సారమ్మ ప్రార్థన అందుకుంది. పావుగంటకు సిల్వియా రెప్పవేసింది.

“వేసి వచ్చాను” అంది సంతోషంగా. “మా వీధివాళ్ళందరూ వచ్చారు. పదకొండో నంబరు ముసలాయన కూడా. వరస చాలా పొడుగుంది. నా పేరు పెట్టి పిలిచారు.”

సారమ్మ వంగి ఆవిడ బూట్లు విప్పింది. లోపలినుంచి ఇసుకా నీళ్ళూ కారాయి.

“నా వెనక ఒకావిడ ఉంది” అంది సిల్వియా. “చెప్పుల్లేవు. మీ దేశపు మనిషే. చేపల బుట్ట వరసలో దించి, దాని పక్కన నిలబడింది. అందరినీ ముందుకు పోనిస్తోంది, తను మాత్రం కదలదు.”

చేపల బుట్ట అనగానే సారమ్మ ఆ మనిషిని గుర్తుపట్టింది. తల్లి దీవెనమ్మ చేపలమ్మేది. రేషన్ షాపు దగ్గర వరసలో ఆ బుట్ట పెట్టి, “ఇది మా అమ్మాయి చోటు” అని ఊరందరితో తగువాడి, సారమ్మ వచ్చేదాకా పట్టు విడిచేది కాదు. ఏడేళ్ళ కిందట ఆవిడ పోతే అప్పుడు పనిచేసే ఇంటి కఫీల్ సెలవివ్వలేదు. సారమ్మ కడచూపుకు వెళ్ళలేకపోయింది.

బ్యాలెట్ కవరు తొమ్మిదో తేదీన వచ్చింది. దావూద్ తేదీ చూసి, “ఖలాస్. పారెయ్, అమ్మకు చెప్పకు” అని షర్క్‌లోని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. సిల్వియా అప్పటికి మంచం దిగడం లేదు. సారమ్మ గుమ్మంలో చాలాసేపు తటపటాయించింది. అబద్ధం చెప్పడం ఎంతసేపు? కానీ యాభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషిని మోసం చెయ్యడానికి ఆవిడకు నోరు రాలేదు.

“మేడమ్, మీ కాగితం ఇయ్యాలే వచ్చిందండి. ఇంక లెక్కలోకి రాదండి.”

సిల్వియా కవరును అటూ ఇటూ తిప్పి చూసింది.

“అయితే ఆ రోజు నేను వేసిందెక్కడ?”

సారమ్మ వంగి మంచం పక్కన తడి తుడవసాగింది. అది చూసి సిల్వియాకు అర్థమైనట్టుంది. నెమ్మదిగా అంది, “నా పేరు పోయినవాళ్ళ లిస్టులో ఉందన్నమాట. సరే. ఆ బుట్టావిడ మీ అమ్మేనా? ఇంకా నిలబడే ఉంటుంది. ఏమైనా చెప్పమంటావా?”

సారమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ మీద బెంగ ఎంతుందో, ఆ బుట్ట మీద భయమూ అంతే ఉంది.

“అమ్మ పోయినప్పుడు నన్ను రానివ్వలేదని చెప్పండి. రావాలని లేక కాదని చెప్పండి. ఇప్పుడు మాత్రం నేను రానండి మేడమ్, నాకింకా బతకాలనుంది. ఆ బుట్ట తీసేసుకుని, అమ్మను ముందుకెళ్ళిపొమ్మనండి.”

సిల్వియా తల ఊపి, బూట్లు తెమ్మంది. సారమ్మ తెచ్చి తొడిగింది. అవి అప్పటికే తడిగా ఉన్నాయి.