చిన్నాన్న బాగుచేసిన ఎడమవైపు అద్దం

ఆ రోజు చిన్నాన్నకు డయాలసిస్ ఉంది. పొద్దున్నే స్నానం చేసి కారు తాళాలు అందుకుంటుంటే పిన్ని ఫోన్ చేసింది. "బండి తేవద్దులే నాయనా. మీ చిన్నాన్న పోయాడు" అంది.

చిన్నాన్న మాచవరంలో కార్లకు కరెంటు పని చేసేవాడు. లైట్లు, హారన్లు, సైడ్ అద్దాల మోటార్లు. మీలో కొందరి బండ్లు ఆయన చేతుల మీదుగా వెళ్ళే ఉంటాయి. ఏ బండి వచ్చినా ముందు కళ్ళు మూసుకుని దాని పక్కన నిలబడేవాడు. "అది చెప్పేది విననియ్యండి, విప్పేది తర్వాత" అనేవాడు.

కిడ్నీలు పాడయ్యాక కొట్టు మూశాడు. ఆయన పాత కారులోనే నేను నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళేవాణ్ణి. నీళ్ళు కొలిచి తాగమన్నారు డాక్టర్లు. మన ఎండలు మీకు తెలియనివి కావు. గుక్కెడు నోట్లో పోసుకుని, మింగకుండా చాలాసేపు ఉంచుకునేవాడు.

ఈ వేసవిలోనే ఒక రోజు దారిలో వెనక వచ్చే బండ్లను చూసే ఎడమవైపు అద్దం కిందికి వాలిపోయింది. దిగి చేత్తో పైకి నెట్టాను. గతుకు రాగానే మళ్ళీ వాలింది. పోనీలే అనుకుని పెట్రోలు బంకులోకి ఎడమకు తిప్పబోయాను. పక్కనే బైకు! వెనక కూర్చున్నామె ఒళ్ళో పసిబిడ్డ. బ్రేకు తొక్కాను. బైకతను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

"పక్కకాపు. అద్దం సంగతి చూసి పోదాం" అన్నాడు చిన్నాన్న.

"టైము దాటితే మన బెడ్డు వేరేవాళ్ళకిస్తారు చిన్నాన్నా."

"నాకు ఆలస్యమైతే నేనొక్కణ్ణే పోతాన్రా. ఇట్టా పోతే దారెంట ఎంతమంది పోతారో!"

పత్తి జిన్నింగ్ మిల్లు గోడ నీడన ఆపాను. స్విచ్చి నొక్కమని, అద్దానికి చెవి ఆనించాడు. "మోటారు తిరుగుతుంది. ఫ్యూజూ వైర్లూ బాగానే ఉన్నయ్. అద్దాన్ని పట్టుకునే క్లిప్పు ఇరిగింది, అంతే."

డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతితో ఆయన బలంగా ఏదీ పట్టకూడదు. "ఎడమచెయ్యి నీది, కుడిచెయ్యి నాది. మెల్లిగా లాగు, అంచు పగుల్తది" అన్నాడు. ఇద్దరం కలిసి అద్దం ఊడదీశాం. విరిగిన క్లిప్పు చుట్టూ డిక్కీలోని సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. మధ్యలో ఊపిరందక తలుపుకు ఆనుకుని ఆగాడు. మళ్ళీ స్విచ్చి నొక్కితే అద్దం బిగువుగా లేచి నిలబడింది.

అనుకున్నట్టే ఆసుపత్రిలో బెడ్డు లేదు. సాయంత్రం దాకా బెంచీ మీదే ఉన్నాం. ఆయాసంతో వెనక్కి వాలలేక నా భుజం మీద తల ఆనించాడు. నర్సుతో గొడవ పెట్టుకోబోతే చెయ్యి పట్టి ఆపాడు. "లోపల పడుకున్నోడికీ ఇంటికాడ ఎవరో ఉంటార్రా."

ఆ రోజు గట్టెక్కాడు గానీ ఆ తర్వాత మనిషి తేరుకోలేదు. దారిలో ఆపకుండా ఉండాల్సిందేమో అని పిన్నితో అన్నాను. "నువ్వు ఆపకపోతే దిగి నడిచేవాడు. ఆయన సంగతి నాకు తెలవదా ఏంది?" అంది.

పెద్దకర్మ అయ్యాక, బట్టలు ఎవరికైనా ఇద్దామని పిన్ని పెట్టె తెరిచింది. చొక్కాలన్నీ మంచం మీద పరిచింది. సూదులు గుచ్చేందుకు వీలుగా ప్రతి చొక్కాకూ ఎడమచేతిని భుజం దాకా కత్తిరించి, అంచు మడిచి అప్పట్లో తనే కుట్టింది. కూతురి పెళ్ళికి కుట్టించుకున్న పట్టుచొక్కా కూడా అంతే.

"ఇయ్యి ఎవరేసుకుంటార్రా?" అంది.

పిన్ని ఒక్కో చొక్కాకూ మిగిలిన కుడిచేతిని గుండెల మీదికి మడిచి, మళ్ళీ పెట్టెలో సర్దసాగింది.