ఫొటో అంచులు చూడమన్న టీచరుగారు

మా పక్కింటి టీచరుగారు పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. అశోక్‌నగర్‌లో ఆమె ఇంటి కింది గదిలో చదువుకునే అమ్మాయిలు నలుగురు మెట్లెక్కి వచ్చి, మా తలుపు కొట్టి ఆ మాట చెప్పారు.

నారాయణగూడలో ఒక బడిలో ఆమె చాలా ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక కింది గదిలో బల్లలు వేయించి, ఉద్యోగ పరీక్షలకు చదివే హాస్టల్ అమ్మాయిలకు ఇచ్చేశారు. నాలుగింటికి టీ. ఆ టీ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఆ రోజు ఫోన్‌లో ఆడవాళ్ళ గురించి వచ్చిన ఏదో ఒక మెసేజ్‌ని ఒకరు పైకి చదవాలి. ఎవరు పంపారో చెప్పాలి. ఫొటో ఉంటే, మధ్యలో మనిషిని వదిలేసి ముందు నాలుగు అంచులూ చూడాలి.

"చాయ్ తాగెటప్పుడు గూడ పరీక్షేనా టీచర్?" అని ఒకమ్మాయి దెప్పేది.

"దీనికి నోటిఫికేషన్ కూడా రాదే తల్లీ. ఎప్పుడైనా పెడతారు," అనేవారామె.

నేను పకోడీలు పట్టుకెళ్ళి, కాసేపు విని నవ్వుకుని వచ్చేదాన్ని. పప్పు డబ్బాల మీద కొన్న తేదీ రాసి అంటించే మనిషిని నేను. అలాంటిదాన్ని, రెండేళ్ళ కిందట ఒక ఫొటో వస్తే రెండోసారి చూడకుండా పంపేశాను.

అందులో ఉన్నది ఆ గదిలో చదివే అమ్మాయే. సిద్దిపేట వైపు పల్లె. పక్కన పోలీసు. లాడ్జిలో పట్టుబడిందని కింద రాసి ఉంది. "మన వీధి పిల్లే, మీ ఆడపిల్లలు జాగ్రత్త" అని ఒక ముక్క నేనూ చేర్చి, మా శుక్రవారం భజన గ్రూపులో పెట్టాను. మంచే చేశాననుకున్నాను.

ఆ మధ్యాహ్నమే టీచరుగారు పిలిచారు. తిట్టలేదు. "అంచు చూడమ్మా," అన్నారు. అమ్మాయి భుజం మీద గాజులున్న సగం చెయ్యి. అది ఎవరి చెయ్యో అమ్మాయిలు అప్పటికే కనుక్కున్నారు. విద్యానగర్‌లో వాళ్ళ కాలేజీ తీసిన ట్రాఫిక్ అవగాహన ర్యాలీ ఫొటో అది. పూర్తి ఫొటోలో ఎనిమిది మంది అమ్మాయిలున్నారు, బ్యానరుంది. కానీ కత్తిరించిన ముక్క ఆ అమ్మాయి ఊరిదాకా పోయింది. పరీక్షకు పదకొండు రోజులుందనగా, మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకుపోతానని ఆమె తండ్రి ఫోన్ చేశాడు.

"గ్రూపులో తప్పయిందని పెడతాను టీచరుగారూ."

"పెట్టు. మరి దాన్ని ఎంతమంది చూస్తారు? ఇళ్ళు తెలుసుగా, వెళ్ళి చెప్పిరా."

ఎవరెవరికి చేరిందో కాగితం మీద రాసుకుని బయలుదేరాను. ఇద్దరమ్మాయిలు తోడొచ్చారు. చిక్కడపల్లిలో తొమ్మిదిళ్ళు, దోమలగూడలో నాలుగు. ఒకావిడ, "ఏమో వదినా, పోలీసు ఊరికే నిలబడతాడా పక్కన?" అంది. తోడొచ్చిన అమ్మాయి పూర్తి ఫొటో పెద్దది చేసి, "అక్కా, జర ఈ బ్యానర్ పైకి చదువుర్రి," అంది. ఆవిడ చదివింది. "మా ఆడపడుచుకి కూడా పంపానే," అంది.

"అయితే ఫోన్ చెయ్యుర్రి. మేం నిలబడ్తం."

ఏదైనా పంపేముందు ఇప్పుడు నా చెయ్యి ఆగుతుంది. అది టీచరుగారు పెట్టిన అలవాటే.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి తండ్రి గది గుమ్మందాకా వచ్చాడు. "సదువు సాలు బిడ్డా. సామాన్ సర్దు."

టీచరుగారు అమ్మాయి వైపు తిరిగి, "నువ్వే చూపించు," అన్నారు.

"బాపూ, గీ చెయ్యి సూడు. నా దోస్తుది. కోసి పంపిన్రు."

ఆయన ఫోన్ దగ్గరగా పట్టుకుని చూశాడు. "ఊళ్ళె అందరు సూసిన్రు గదనే."

"అందరికి నేనే సూపిస్త. పరీక్ష రాసినంక నీ ఎంబడి వస్త."

పంపినవాళ్ళలో నేనూ ఉన్నానని ఆయనకు చెప్పాను. నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఆ గదిలోకి మగవాళ్ళను రానిచ్చేవారు కాదు టీచరుగారు. ఆ రోజు ఆమే కూతురి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, "కూర్చోండి. మీ అమ్మాయి ఇక్కడేం చేస్తుందో సాయంత్రందాకా చూడండి," అన్నారు.

ఆయన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ చప్పుడు కాకుండా కూర్చున్నాడు. కూతురు పుస్తకం తెరిచింది. ఆమె పేజీ తిప్పినప్పుడల్లా ఆయన కూడా కాస్త ముందుకు వంగి, తనకు చదవడం రాని ఆ అక్షరాల వైపు చూస్తున్నాడు.